సెలవుల మూడు వారాలూ కోర్టు లేకపోతే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున టెన్నిస్ ఆడతారు. ఇప్పుడు మూడు వారాల సెలవులు వచ్చాయి. వెళ్లే చోట కోర్టు లేదు, జిమ్ లేదు, రోజుకు అరగంటకు మించి తీరిక దొరకదు. పోయినసారి సెలవుల్లో రోజూ ఐదారు కిలోమీటర్లు పరుగెత్తారు. అయినా తిరిగొచ్చిన వారంలోనే భుజం పట్టేసింది, కాళ్లు బంతి దగ్గరికి వెళ్లలేదు, ఆట గాడిలో పడటానికి నెల పట్టింది. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?

ఇరవై ఏళ్లకు పైగా ఈ ఆట నేర్పుతున్నాను. ఏటా సెలవుల తర్వాత వచ్చే మొదటి పది రోజులంటేనే నాకు భయం. మిగతా నెలల్లో ఎప్పుడో ఒకటి కనబడే భుజం నొప్పులు, పిక్క పట్టేయడాలు ఆ పది రోజుల్లో వరసగా వస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోయినసారి మీరు తక్కువ చేసినందుకు నష్టపోలేదు. చేసిన పని టెన్నిస్‌కు పెద్దగా అక్కరకొచ్చేది కాదు, అదొకటి. తిరిగొచ్చిన రోజే ఏమీ జరగనట్టు పాత వేగంతో ఆడేశారు, అది రెండోది. మూడు వారాల్లో మన ఒంట్లోంచి పోయేది మనం భయపడేదానికంటే చాలా తక్కువ. దాన్ని నిలబెట్టుకోవడానికి కావలసిన పని ఇంకా తక్కువ. కాకపోతే ఆ కొంచెం పనీ ఊపిరి ఎగబీల్చేంత గట్టిగా ఉండాలి.

మొదటి నాలుగైదు రోజులు మాత్రం ఏమీ చేయకండి. నడవండి, నిద్రపోండి, రాకెట్ సంచి తెరవకండి. ఇది బద్ధకం కాదు. ఏడాది పొడవునా ఒకే చేత్తో, ఒకే వైపుకు తిరుగుతూ కొట్టే ఆట ఇది. మోచేతిలో, మోకాలి కింద, నడుములో చిన్నచిన్న నొప్పులు ఆడుతున్నంతకాలం తగ్గకుండా అలాగే ఉండిపోతాయి. వాటికి ఆరే సమయం దొరికేది ఇప్పుడే. ప్రొఫెషనల్ ఆటగాళ్లు కూడా నవంబరులో సీజన్ ముగియగానే ముందు రాకెట్ పక్కన పెడతారు, ఆ తర్వాతే జనవరి ఆస్ట్రేలియా టోర్నీలకు సిద్ధం కావడం మొదలుపెడతారు. రోజర్ ఫెదరర్ 2016 వింబుల్డన్ తర్వాత మోకాలి కోసం ఆ ఏడాది మిగతా టోర్నీలన్నీ వదిలేశాడు. 35 ఏళ్ల వయసులో తిరిగొచ్చి 2017 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. ఫైనల్లో నాదల్‌తో ఐదు సెట్లు ఆడి మరీ గెలిచాడు. ఆ ఆరు నెలలూ ఆయన ఖాళీగా కూర్చోలేదు, శరీరాన్ని మళ్లీ కట్టుకున్నాడు. అయినా మ్యాచ్‌లు లేని కాలం ఆటను చంపేస్తుందన్న భయం వద్దని చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇంతకీ పోయేదేమిటి? అన్నీ ఒకే వేగంతో పోవు. మొట్టమొదట తగ్గేది రక్తంలోని ద్రవభాగం. సాధన ఆపిన కొద్ది రోజుల్లోనే అది తగ్గుతుంది. గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గి, మునుపటి పనికే ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. వారం తర్వాత మెట్లెక్కితే కొత్తగా ఆయాసం అనిపించేది దీనివల్లే. ఇది ఎంత త్వరగా పోతుందో అంత త్వరగానే తిరిగొస్తుంది కాబట్టి దిగులు వద్దు. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం, అంటే మనం దమ్ము అనేది, బాగా సాధనలో ఉన్నవాళ్లు పూర్తిగా ఆపేస్తే నాలుగు వారాల్లోపు 4 నుంచి 14 శాతం వరకు తగ్గుతుంది. కండబలం మాత్రం మొండిది. మూడు నాలుగు వారాలపాటు దాదాపు అలాగే నిలుస్తుంది.

ఇక్కడే అసలు చిక్కుంది. బలం అలాగే ఉంటుంది కాబట్టి తిరిగొచ్చిన రోజున చెయ్యి పాత వేగంతోనే ఊగుతుంది. పైగా విశ్రాంతి తీసుకుని వచ్చారు కాబట్టి ఒళ్లు తేలిగ్గా, హుషారుగా ఉంటుంది. కానీ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు ఆ వేగాన్ని వందసార్లు వరసగా భరించే అలవాటు తప్పి ఉంటాయి. అవి నెమ్మదిగా మారే కణజాలం, కండరంతో సమానంగా పరుగెత్తలేవు. మీ భుజం పట్టేసింది బలం పోయి కాదు, బలం మిగిలి ఉండటం వల్లే. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగతా సలహాలన్నీ మీకే తడతాయి.

దమ్ము నిలబెట్టుకోవడం గురించి 1980ల తొలినాళ్లలో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు వరసగా కొన్ని ప్రయోగాలు చేశాడు. పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టిగా సాధన చేసినవాళ్లను తీసుకుని, ఆ తర్వాత ఒక్కో బృందానికి ఒక్కోటి తగ్గించి చూశాడు. రోజులను ఆరు నుంచి రెండుకు తగ్గించినా ఆక్సిజన్ సామర్థ్యం పదిహేను వారాలపాటు నిలిచింది. సమయాన్ని 40 నిమిషాల నుంచి 13కు కుదించినా నిలిచింది. తీవ్రతను మూడో వంతు తగ్గించేసరికి మాత్రం పడిపోయింది. అంటే రోజులు తగ్గించుకోవచ్చు, నిమిషాలు తగ్గించుకోవచ్చు. గట్టిదనం ఒక్కటే తగ్గించకూడదు. సెలవుల్లో మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. రోజూ బయల్దేరతాం, చాలాసేపు చేస్తాం, మెల్లగా చేస్తాం.

అందుకే మీ ఐదారు కిలోమీటర్ల పరుగు గురించి నాలుగు మాటలు. పరుగు చెడ్డదని అనను. మనసుకు మంచిది, గుండెకు మంచిది. కానీ అరగంట ఒకే వేగంతో ముందుకు వెళ్లే పరుగు టెన్నిస్‌లో ఒక్క పాయింట్‌లో కూడా ఉండదు. మన పాయింట్లు చాలావరకు పది సెకన్లలోపే అయిపోతాయి. ఆ పది సెకన్లలో నాలుగైదుసార్లు బయల్దేరాలి, ఆగాలి, పక్కకు తిరగాలి. ఆ తర్వాత నిబంధనల ప్రకారం 25 సెకన్ల విరామం, వైపు మారేటప్పుడు 90 సెకన్లు. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లే. మధ్యలో నిలబడితే ఎటువైపైనా నాలుగు మీటర్లు, అంటే మూడు నాలుగు అంగలు. మొదటి అంగ ఎంత త్వరగా పడిందన్నదే ఆట, పదో నిమిషంలో ఎంత హాయిగా పరుగెత్తుతున్నామన్నది కాదు. నా దగ్గర పదిహేనేళ్ల కుర్రాడొకడు సెలవులంతా రోజూ ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి, సన్నబడి, ఎంతో గర్వంగా తిరిగొచ్చాడు. డ్రాప్ షాట్, అంటే నెట్ దాటగానే పడే మెత్తటి బంతి, వేస్తే వాడి కాలు కదిలేసరికి బంతి రెండోసారి పడిపోయేది. పాపం, వాడు కష్టపడలేదని ఎవరనగలరు?

మరి ఏం చేయాలంటే, మ్యాచ్ గడియారాన్ని వెంట తీసుకెళ్లండి. చదునైన నేల చూసుకుని, ఎనిమిది మీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెట్టండి. చెప్పులైనా సరే, రాళ్లయినా సరే. మధ్యలో నిలబడి చిన్నగా ఎగిరి దిగండి. కుడి గుర్తుకు వెళ్లి, ఆగి, ఫోర్‌హ్యాండ్ కొట్టినట్టు చెయ్యి పూర్తిగా తిప్పి, పక్క అడుగులతో మధ్యకు రండి. మళ్లీ ఎగిరి దిగి ఎడమకు. పది పన్నెండు సెకన్లపాటు నిజంగా పాయింట్ కోసం పోరాడుతున్నంత వేగంగా చేయాలి. తర్వాత 25 సెకన్లు ఆగండి. ఇలా ఆరుసార్లు చేస్తే ఒక గేమ్. 90 సెకన్లు కూర్చోండి, నీళ్లు తాగండి. మళ్లీ ఇంకో గేమ్. నాలుగు గేములకు ఇరవై నిమిషాలు పడుతుంది, అంతకంటే అక్కర్లేదు. మూడో గేములో కాళ్లు బరువెక్కి ఐదో పాయింట్‌కు ఊపిరి అందకపోతే సరిగ్గా చేస్తున్నట్టు లెక్క. హాయిగా మాట్లాడుతూ చేయగలుగుతున్నారంటే వేగం చాలడం లేదు. అన్నీ పక్కలకే కాకుండా ఒక గేములో ముందుకూ వెనక్కూ వెళ్లండి. నెట్ నుంచి సర్వీస్ లైన్ 6.40 మీటర్లు. ఆ దూరం ముందుకు దూకి వంగి బంతి అందుకున్నట్టు చేసి, తిరిగి వెనక్కి వచ్చి తలపై స్మాష్ కొట్టినట్టు ముగించండి.

ఇది వారానికి రెండుసార్లు చాలు, మూడోసారి చేస్తే మంచిదే. కానీ వరస రోజుల్లో వద్దు.

ఒక్క జాగ్రత్త. దీనికి పరుగు బూట్లు వేసుకోకండి. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, ముందుకు వెళ్లడానికి చేసినవి. పక్కకు గట్టిగా ఆగితే పాదం బూటు మీదుగా ఒరిగి చీలమండ మడతపడుతుంది. సంచిలో ఇంకేం పట్టినా పట్టకపోయినా టెన్నిస్ బూట్లు మాత్రం పెట్టుకోండి. సముద్రం ఒడ్డుకు వెళ్తే మెత్తటి ఇసుకలో ఒట్టి కాళ్లతో పరుగులు పెట్టాలని అనిపిస్తుంది. అలవాటు లేనివాళ్లకు అది పిక్క మీద, మడమ వెనక టెండన్ మీద పెద్ద భారం. తడిసి గట్టిపడ్డ ఇసుక మీద మొదలుపెట్టి, మొదటి రోజు ఐదు నిమిషాలతో ఆపండి.

పిక్క గురించి విడిగా చెప్పాలి, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకు. పిక్క కండరం లోపలివైపు చిరగడానికి వైద్యుల వాడుకలో టెన్నిస్ లెగ్ అనే పేరే ఉంది, అంత మామూలు ఈ ఆటలో. వెనక నుంచి ఎవరో బంతితో కొట్టినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూస్తారు, ఎవరూ ఉండరు. దాన్ని ఆపే మందు చాలా చవకైనది. మెట్టు అంచున పాదం ముందుభాగం మోపి, మడమను మెల్లగా కిందికి దించి, మళ్లీ పైకి లేవండి. ఒక్కో కాలిమీద పదిహేనుసార్లు మోకాలు నిటారుగా ఉంచి, ఇంకో పదిహేను మోకాలు కొంచెం వంచి. వంచినప్పుడు లోపలున్న రెండో పిక్క కండరం మీద భారం పడుతుంది, చాలామంది వదిలేసేది దాన్నే. స్కిప్పింగ్ తాడు ఉంటే ముప్పై సెకన్లు ఎగరడం, ముప్పై సెకన్లు ఆగడం, పదిసార్లు. తాడు అరచేతిలో పట్టేస్తుంది, దానికంటే తేలికైన జిమ్ నాకు తెలియదు.

ఇప్పుడు భుజం. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. పోయినసారి వచ్చిన నొప్పి పూర్తిగా తగ్గిందో లేదో మీరు రాయలేదు. ఆ భుజం మీద పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నొప్పితో మెలకువ వస్తోందా? చెయ్యి పక్కనుంచి పైకెత్తుతుంటే మధ్యలో ఒకచోట సూదిలా గుచ్చి, ఇంకా పైకెత్తాక పోతోందా? రెండింట్లో ఏది ఉన్నా ముందు ఫిజియోథెరపిస్టుకో డాక్టరుకో చూపించండి. నేను కింద చెప్పేది నొప్పి లేని భుజాన్ని కాపాడుకోవడానికే.

భుజం కీలు చుట్టూ నాలుగు చిన్న కండరాలుంటాయి. అవి బంతిలాంటి ఎముక తలను దాని గుంటలో సరిగ్గా నిలిపి ఉంచుతాయి. సర్వ్ కొట్టేటప్పుడు ఛాతీ, భుజం ముందుభాగం, వీపు పక్కలున్న పెద్ద కండరాలు చేతిని విసురుతాయి. బంతి వెళ్లిపోయాక ఆ చేతిని ఆపేది మాత్రం వెనకవైపున్న చిన్నవాళ్లే. పెద్ద ఇంజన్, చిన్న బ్రేకు అనుకోండి. ఆడేవాళ్లలో ఇంజన్ ఏటా బలపడుతుంది, బ్రేకు గురించి ఎవరూ పట్టించుకోరు. సెలవుల్లో ఇంజన్‌ను వదిలేసి బ్రేకు బాగుచేసుకునే అవకాశం దొరుకుతుంది. నేనైతే మూడు వారాల సెలవును ఈ ఒక్కదాని కోసమే సంతోషంగా తీసుకుంటాను.

కావలసింది ఒక రబ్బరు బ్యాండ్. దాన్ని తలుపు పిడికో స్తంభానికో కట్టండి. మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి పక్కటెముకలకు ఆనించి, మధ్యలో చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. తువ్వాలు ఉంటే మోచెయ్యి దూరంగా జరగదు. ముంజేతిని రెండు సెకన్లలో బయటికి తిప్పండి, నాలుగు సెకన్లు తీసుకుని వెనక్కి రానివ్వండి. ఆ వెనక్కి రావడమే అసలు వ్యాయామం, సర్వ్ తర్వాత బ్రేకు చేసే పని అచ్చంగా అదే. పదిహేనుసార్లు చొప్పున మూడు విడతలు. బ్యాండ్ బలమైనది వాడితే పెద్ద కండరాలు వచ్చి పని లాక్కుంటాయి, తేలికైనదే సరి. వారం తర్వాత ఇదే పనిని మోచెయ్యి భుజం ఎత్తున పక్కకు చాపి చేయండి, అది సర్వ్ భంగిమకు దగ్గర. తర్వాత బోర్లా పడుకుని, చేతులు మొదట పక్కలకు చాపి, ఆపైన తలకు అటూ ఇటూ ఏటవాలుగా చాపి, బొటనవేళ్లు పైకి ఉండేలా నేలమీంచి ఎత్తి రెండు సెకన్లు ఆపండి. రెక్క ఎముకలు వీపు మధ్యకు, కిందికి జారుతున్నట్టు అనిపించాలి. మెడ బిగుసుకుంటోందంటే తప్పుగా చేస్తున్నారు.

ఇక ఆడే భుజం లోపలికి తిరగడం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. వెల్లకిలా పడుకుని, చెయ్యి పక్కకు చాపి, మోచెయ్యి వంచి, అరచేతిని పాదాలవైపు నేలకు దించి చూడండి. రెండు చేతులకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే, ఆడే భుజం మీద పక్కకు పడుకుని, అదే భంగిమలో రెండో చేత్తో మణికట్టును మెల్లగా నేలవైపు నొక్కి ముప్పై సెకన్లు ఉంచండి. మూడుసార్లు చాలు. బలవంతంగా నొక్కితే మేలు కంటే కీడు ఎక్కువ. లాగుడు భుజం వెనకవైపు తెలియాలి. ముందు గుచ్చితే ఆపేయండి. మొత్తం పది నిమిషాలు. రోజు విడిచి రోజు.

మోచెయ్యి కోసం ఒకటే చెబుతాను, ఎందుకంటే ఆ నొప్పి నేను అనుభవించాను. నా ఇరవైల చివర్లో నెల విరామం తర్వాత వచ్చి, ఒళ్లు తేలిగ్గా ఉందని మొదటి రోజే రెండు బుట్టల బంతులు సర్వ్ చేశాను. మూడో రోజుకు మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు బ్యాక్‌హ్యాండ్ కొట్టిన ప్రతిసారీ మోచేతి బయటివైపు సలుపు. అప్పుడు నేర్చుకున్నదే ఇది. ముంజెయ్యి బల్లమీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా, అరచెయ్యి కిందికి ఉండేలా నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో సీసాను పైకెత్తి, ఆడే చేత్తో మాత్రం నాలుగైదు సెకన్లు తీసుకుని కిందికి దించండి. అర లీటరుతో మొదలుపెట్టి లీటరు వరకు. పదిహేనుసార్లు, మూడు విడతలు. ఇప్పటికీ నేను వారానికి మూడు రోజులు దీన్ని వదలను.

కాళ్ల బలం, నడుము బలం గురించి ఎక్కువ చెప్పను. వారానికి ఒకసారి గట్టిగా చేస్తే మూడు వారాలకు సరిపోతుంది. ఒంటికాలి స్క్వాట్ (ఒక్క కాలిమీద కుర్చీలో కూర్చుని లేవడం), పక్కకు లంజ్ (పక్కకు పెద్ద అంగ వేసి మోకాలు వంచడం), పక్క ప్లాంక్ (పక్కకు తిరిగి ముంజేతిమీద ఒంటిని నిటారుగా నిలపడం), అంతే. గజ్జల కోసం పక్క ప్లాంక్‌నే పై కాలు బల్లమీద పెట్టి చేయండి. పక్కకు సాగి బంతి అందుకునేటప్పుడు చిరిగేది తొడ లోపలి కండరమే.

ఇక కాళ్లు బంతి దగ్గరికి వెళ్లలేదన్నారు. అది కాళ్ల తప్పు కాదని నా నమ్మకం, కళ్ల తప్పు. ఎదుటివాడి రాకెట్‌కు బంతి తగిలే క్షణాన మనం గాలిలో ఉండి, బంతి ఎటువైపో తెలిసేసరికి నేలమీద దిగాలి. అదే స్ప్లిట్ స్టెప్. దిగుతూనే కాలు బంతివైపు తోసుకుంటుంది. మూడు వారాలు బంతి చూడకపోతే ఎగరడం మరిచిపోం, ఎప్పుడు ఎగరాలో మరిచిపోతాం. గుర్తుల మధ్య చేసే పరుగులో ఎగిరే క్షణం మన చేతిలో ఉంటుంది, కాబట్టి అది ఈ పనికి చాలదు. దీనికి రెండు దారులున్నాయి. టీవీలోనో ఫోన్‌లోనో మ్యాచ్ చూస్తున్నప్పుడు ఒక గేమ్ పాటు లేచి నిలబడండి. తెర అవతలి వైపు ఆటగాడు బంతి కొట్టిన ప్రతిసారీ ఎగిరి దిగి, బంతి వెళ్లే వైపు ఒక అడుగు వేయండి. సర్వ్ దగ్గర కూడా అంతే. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, పట్టించుకోవద్దు, ఇంతకంటే మంచి సాధన కోర్టు బయట లేదు. రెండోది, పిల్లలెవరైనా ఉంటే ఐదు మీటర్ల దూరంలో రెండు చేతుల్లో రెండు బంతులు పట్టుకుని నిలబడమనండి. తనకు తోచినప్పుడు ఒకటి వదిలేయాలి, మీరు రెండోసారి నేల తాకేలోపు పట్టుకోవాలి. పిల్లలు దీన్ని గంటసేపు ఆడిస్తారు. మీరు పది నిమిషాల్లో ఆపేయండి.

చేతికీ కంటికీ ఉన్న లంకె కోసం గోడ చాలు. 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ప్రపంచమంతటా టోర్నీలు ఆగిపోయినప్పుడు ఫెదరరే గోడకు వాలీలు, అంటే బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బలు, కొడుతున్న వీడియో పెట్టి అందరినీ కొట్టమన్నాడు. అదే ఏప్రిల్‌లో ఇటలీలోని లిగూరియాలో ఇద్దరు అమ్మాయిలు ఎదురెదురు ఇళ్ల డాబాల మీంచి వీధిపై బంతి దాటిస్తూ ఆడారు. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. గోడమీద నెట్ మధ్య ఎత్తు, అంటే 91 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి వాలీలు కొట్టండి. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ కొట్టాలనుకుంటే ఇంకా వెనక్కి జరిగి, బంతిని రెండుసార్లు నేల తాకనిచ్చి కొట్టండి. దగ్గర నుంచి ఒక్క బౌన్సుకే కొడితే బంతి మరీ త్వరగా తిరిగొచ్చి, చెయ్యి ఊపు కురచ అయిపోతుంది, ఆ అలవాటు కోర్టు దాకా వస్తుంది. గోడ కూడా లేకపోతే సర్వ్ టాస్ ఒక్కటి చేయండి. ముందు పాదానికి అడుగున్నర ముందు ఒక గుర్తు పెట్టి, బంతి పైకి విసిరి కిందపడనివ్వండి. రోజుకు ముప్పై. టాస్ చెడిన సర్వ్‌ను భుజమే సర్దుకోవాల్సి వస్తుంది, కాబట్టి ఇది కూడా భుజానికి చేసే మేలే.

మొదటి నాలుగైదు రోజులు దాటాక రాకెట్‌ను రోజుకు ఐదు నిమిషాలైనా పట్టుకుని గాలిలో ఊపండి. దీనికి నా కారణం వేరు. ఏళ్లుగా చేతికి కాచిన కాయలు మూడు వారాల్లో మెత్తబడతాయి, తిరిగొచ్చాక రెండో రోజుకే బొబ్బలెక్కుతాయి. బొబ్బ వస్తే పట్టు మారుతుంది, పట్టు మారితే మణికట్టు, మోచెయ్యి. రాకెట్‌ను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, వేడికి స్ట్రింగ్స్ బిగువు పోతుంది. పాలిస్టర్ స్ట్రింగ్స్ వేసి రెండు మూడు నెలలైతే తిరిగి ఆడే ముందే మార్పించండి. చచ్చిన పాలిస్టర్ చేతికి చేసే హాని చాలామంది నమ్మరు, నేను చాలా చేతుల్లో చూశాను.

బరువు గురించి దిగులు పడకండి. కిలో, కిలోన్నర పెరిగితే రెండు వారాల ఆటలో పోతుంది. తిన్నదానికి శిక్షగా పరుగెత్తడం మొదలుపెడితే మళ్లీ పోయినసారి కథే.

సెలవుల్లో ఎవరైనా బ్యాడ్మింటన్‌కో ఫుట్‌బాల్‌కో పిలిస్తే వెళ్లండి. ఆగి, తిరిగి, మళ్లీ బయల్దేరే ఆట ఏదైనా నా లెక్కలో ఒక గుర్తుల రోజుకు సమానం. ఈత కూడా మంచిదే, కాకపోతే ఫ్రీస్టయిల్‌లో చెయ్యి తలమీదుగానే తిరుగుతుంది, మీ భుజానికి అది విశ్రాంతి కాదు. కాళ్లతో ఎక్కువ, చేతులతో తక్కువ ఈదండి.

చివరిది తిరిగొచ్చే వారం. పైన చెప్పినవన్నీ సగమే చేసినా ఫర్వాలేదు, ఇది మాత్రం పూర్తిగా పాటించండి. మొదటి రోజు ముప్పావు గంటకు మించి ఆడొద్దు. పది నిమిషాలు నెట్‌కు అటూ ఇటూ ఉన్న సర్వీస్ బాక్సుల్లోనే చిన్న ర్యాలీలు, తర్వాత బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) నుంచి ముప్పావు వంతు వేగంతో. సర్వ్‌లు ఇరవై, సగం వేగంతో, లెక్కపెట్టి. ఇరవై అయ్యేసరికి చెయ్యి అప్పుడే వేడెక్కినట్టు ఉండి ఇంకా కొట్టాలనిపిస్తుంది. నాకు ఎనిమిది నెలలు పోయింది అక్కడే. మర్నాడు ఆడొద్దు. రెండోసారి ముప్పై అయిదు సర్వ్‌లు. మూడోసారి యాభై, అందులో చివరి పది మాత్రం పూర్తి వేగంతో. పాత బంతులు కాకుండా కొత్త డబ్బా తెరవండి, గాలి తగ్గిన బంతిని దాటించడానికి చెయ్యి ఎక్కువ శ్రమ పడుతుంది.

ప్రతి రోజూ ఎలా ఆడారన్నది కాకుండా మర్నాడు, ఆ మర్నాడు ఉదయం ఎలా లేచారన్నది చూసుకోండి. కండరాల నొప్పి రెండో రోజున ముదురుతుంది, నాలుగో రోజుకు తగ్గుతుంది. తొడలూ పిరుదులూ మొత్తంగా నొస్తే భయం లేదు, ఆడొచ్చు. వేలితో చూపించగలిగే ఒక్కచోట, కీలు దగ్గర, రాత్రికి ఎక్కువయ్యే నొప్పి అయితే రెండు రోజులు ఆపి, తిరిగి వెనకటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

మ్యాచ్ ఎనిమిదో రోజు తర్వాతే. అది కూడా మొదటిది డబుల్స్ ఆడండి. సింగిల్స్‌లో రెండు గేములకు ఒకసారి సర్వ్ చేయాలి, డబుల్స్‌లో నాలుగింటికి ఒకసారే వస్తుంది. భుజానికి సగం పని, కళ్లకు మాత్రం రిటర్న్‌లు, వాలీలతో నిండా పని. మీ భాగస్వామికి ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు మీ రెండో సర్వ్ మెత్తగా ఉంటుందని.